ఊదా రంగును నమ్మిన వారం: మూర్ఛ, మొక్కల రసాయనాలు – నా ప్రాజెక్టు డైరీ

1వ వారం

ఇవాళ్టితో ప్రాజెక్టు మొదలు. చేతిలో ఆరు నెలలున్నాయి. నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఫిట్స్ వచ్చినప్పుడు దెబ్బతినే నాడీకణాలను మొక్కల్లో దొరికే రసాయనాలు కాపాడగలవా, కాపాడితే ఎలా?

ఈ ప్రశ్న నాకు ఇంట్లోంచే వచ్చింది. తమ్ముడికి పదకొండేళ్లప్పుడు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. ముందు ఎడమ చెయ్యి బిగుసుకుంది, తర్వాత ఒళ్లంతా కొట్టుకుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, ఎన్ని నిమిషాలు ఉన్నాయో గడియారం చూసుకోవాలని అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు వాడికి ఇరవై రెండు. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడుతున్నాడు, రెండేళ్లుగా ఫిట్స్ లేవు. అందరికీ ఇలా కుదరదు. ప్రపంచంలో మూర్ఛతో బతుకుతున్నవాళ్లు సుమారు 5 కోట్ల మంది. వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి మందులు వాడినా ఫిట్స్ పూర్తిగా అదుపులోకి రావు.

మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం కణాలను ఉసిగొల్పుతుంది, గాబా అనే రసాయనం నెమ్మదింపజేస్తుంది. ఆ తూకం చెడి, ఒక గుంపు కణాలు ఒకేసారి సంకేతాలు పంపడం మొదలుపెడితే అది ఫిట్స్. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆ సమయంలో గ్లుటమేట్ పొంగిపోతుంది, కణం పొరలో తలుపుల్లాంటి ఎన్ఎండీఏ గ్రాహకాలు తెరుచుకుంటాయి, వాటి గుండా కాల్షియం కణంలోకి తోసుకొస్తుంది. ఆ భారం మైటోకాండ్రియా మోయలేదు. హిప్పోకాంపస్‌లో, అంటే జ్ఞాపకాలు రూపుకట్టే చోట, సీఏ1, సీఏ3 అనే భాగాల్లో కణాలు చనిపోతాయి. ఫిట్స్ ఆగిన తర్వాత కూడా అక్కడ వాపు రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది.

కాబట్టి ఫిట్స్‌ను ఆపడం ఒక పని, కణాన్ని కాపాడడం ఇంకో పని. మొక్కల రసాయనాల మీద వచ్చిన పేపర్లు చదువుతుంటే ఈ రెండూ చాలాచోట్ల కలిసిపోయి కనిపిస్తున్నాయి. నేను రెంటినీ విడివిడిగా కొలవాలనుకుంటున్నాను. నా గైడ్ మేడమ్ ఒప్పుకున్నారు.

2వ వారం

వారమంతా ఏ రసాయనాలు తీసుకోవాలన్న దాని మీదే గడిచింది. మొదట ఆకుల సారాలతో చేద్దామనుకున్నాను. ‘బ్రాహ్మి’ దగ్గరే ఆగిపోయాను. ఆ పేరుతో రెండు మొక్కలు చలామణీ అవుతున్నాయి. ఒకటి నీటి బ్రాహ్మి, అంటే బకోపా. ఇంకొకటి సరస్వతి ఆకు, అంటే సెంటెల్లా. రెంటికీ చుట్టరికమే లేదు. మొదటిదాంట్లో ఉండేవి బకోసైడ్లు, రెండోదాంట్లో ఏషియాటికోసైడ్, ఏషియాటిక్ యాసిడ్. ఒకరు బ్రాహ్మి మీద ప్రయోగం చేశామంటే ముందు ఏ మొక్కో అడగాలి. పైగా ఒకే మొక్క సారం కూడా కోసిన కాలాన్ని బట్టి, తీసిన ద్రావణిని బట్టి మారుతుంది. అందుకే శుద్ధి చేసిన రసాయనాలే తీసుకుంటున్నాను: చాలా మొక్కల్లో ఉండే క్వెర్సెటిన్, పసుపులోని కర్‌క్యుమిన్, సరస్వతి ఆకులోని ఏషియాటిక్ యాసిడ్, లవంగంలోని యూజినాల్.

చదువుతుంటే ఒక సంగతి బాగా పట్టుకుంది. ప్రయోగశాలల్లో ఎలుకలకు ఫిట్స్ తెప్పించడానికి వాడే రసాయనాల్లో చాలావాటికి పుట్టిల్లు కూడా మొక్కలే. గాబా గ్రాహకాన్ని మూసేసే పిక్రోటాక్సిన్ కాకమారి గింజల్లోంచి వచ్చింది. పైలోకార్పిన్ జబొరాండి ఆకుల్లోంచి, స్ట్రిక్నిన్ ముష్టి గింజల్లోంచి వచ్చాయి. కైనిక్ యాసిడ్ సముద్రంలో పెరిగే ఒక ఎర్ర నాచులోంచి వచ్చింది. 1934లో బుడాపెస్ట్‌లో మెడూనా అనే వైద్యుడు మానసిక రోగులకు కావాలని ఫిట్స్ తెప్పించి చికిత్స చేయాలనుకున్నప్పుడు మొదట వాడింది కర్పూరమే. తర్వాత దాని స్థానంలో పెంటిలీన్‌టెట్రజోల్ (పీటీజడ్) వాడాడు. అదే పీటీజడ్ సీసా ఇప్పుడు మా ఫ్రిజ్‌లో, నా చేపల ప్రయోగం కోసం ఉంది.

‘మొక్కలోంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే’ అనే మాట విన్నప్పుడల్లా ఇక నాకు కాకమారి గింజలే గుర్తొస్తాయి.

3వ వారం

తూకాలు. చిన్న పనే, కానీ రాసుకోవాలి. 10 మిల్లీమోలార్ క్వెర్సెటిన్ ద్రావణం 10 మిల్లీలీటర్లు కావాలి. అణుభారం 302 పెట్టి లెక్కేస్తే 30.2 మిల్లీగ్రాములు వచ్చింది. కాగితం మీద పోసి తూచేశాక సీసా లేబుల్ చూశాను, ‘డైహైడ్రేట్’ అని ఉంది. అంటే ఒక్కో అణువుతో పాటు రెండు నీటి అణువులు అంటుకుని ఉన్నాయి, అణుభారం 338. కావలసింది 33.8 మిల్లీగ్రాములు. పదో వంతు తక్కువ తూచానన్నమాట. అక్కడే సరిచేసుకున్నాను. లేబుల్ చూడకపోయి ఉంటే ఆరు నెలలూ తప్పు మోతాదే నడిచేది.

ఇవేవీ నీళ్లలో సరిగ్గా కరగవు. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి వెయ్యి రెట్లు పలుచన చేస్తున్నాను. చివరికి కణాల మీద పడే డీఎంఎస్‌ఓ 0.1 శాతం. ఉత్త డీఎంఎస్‌ఓ మాత్రమే పోసే గడులు (కణాలు పెంచే ప్లేటులోని చిన్న గుంటలు) ప్రతి ప్లేటులోనూ విడిగా పెట్టాలని మేడమ్ గట్టిగా చెప్పారు. ఎందుకని అడిగితే వాల్‌ప్రోయేట్ కథ చెప్పారు. తమ్ముడు రోజూ మింగే మందు కథ ఇన్నేళ్లుగా నాకు తెలియకపోవడం ఆశ్చర్యంగా అనిపించింది.

వాల్‌ప్రోయిక్ యాసిడ్‌ను 1882లోనే తయారుచేశారు. వలేరియన్ మొక్క వేర్లలో ఉండే వలేరిక్ యాసిడ్‌కు అది దగ్గరి బంధువు. ఎనభై ఏళ్ల పాటు అది మందని ఎవరికీ తోచలేదు. ద్రావణిగా మాత్రం వాడుకున్నారు. 1960ల ఆరంభంలో ఫ్రాన్స్‌లో పియర్ ఎమార్ అనే పరిశోధకుడు ఖెల్లిన్ అనే మొక్క రసాయనం నుంచి కొత్త పదార్థాలు తయారుచేసి, వాటిని వాల్‌ప్రోయిక్ యాసిడ్‌లో కరిగించాడు. ఫిట్స్ మీద పరీక్షిస్తే అన్నీ పనిచేస్తున్నట్టే కనిపించాయి. ఒకదానికొకటి పోలిక లేనివి కూడా. చివరికి తేలిందేమంటే, పనిచేస్తున్నది కరిగించిన పదార్థం కాదు, కరిగించిన ద్రవం! 1967లో ఫ్రాన్స్‌లో అది మందుగా వచ్చింది.

ద్రావణిని విడిగా పరీక్షించాలన్న ఆలోచన వాళ్లకు వచ్చినందుకే మా తమ్ముడికి ఈ రెండేళ్లూ దక్కాయి. ఆ రోజు నుంచి డీఎంఎస్‌ఓ గడులను నేను ఎంతో శ్రద్ధగా పోస్తున్నాను.

4వ వారం, గురువారం రాత్రి

మొదటి ఫలితం!

హెచ్‌టీ22 అనే కణాలతో చేశాను. ఎలుక హిప్పోకాంపస్ నుంచి వచ్చిన కణాల వంశం ఇది. 96 గడుల ప్లేటులో గడికి 5,000 కణాలు. ఒక రోజు నిలదొక్కుకోనిచ్చి, మొక్కల రసాయనం పోసి, దానిపైన 5 మిల్లీమోలార్ గ్లుటమేట్. 24 గంటలయ్యాక ఎంటీటీ పరీక్ష. ఇది పసుపుపచ్చ రంగు పొడి. బతికున్న కణం దాన్ని లోపల ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది. ఎంత ఊదా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు లెక్క.

ప్లేటు తీసి వెలుగులో పెట్టి చూశాను. గ్లుటమేట్ మాత్రమే పోసిన వరుస వెలవెలబోయింది. క్వెర్సెటిన్ పోసిన వరుస ముదురు ఊదా. ఏ దెబ్బా తగలని కంట్రోల్ కణాల కంటే కూడా ముదురు! కర్‌క్యుమిన్ వరుస కూడా బాగానే ఉంది. ఏషియాటిక్ యాసిడ్ వరుసలో పెద్ద తేడా లేదు.

ప్లేటు ఫొటో తీసి తమ్ముడికి పంపాను. ‘ఇవి బతికిన కణాలురా’ అని రాశాను. రాత్రి పదకొండున్నరకి వాడు గుండె బొమ్మ పంపాడు.

5వ వారం

సోమవారం మేడమ్ ఫొటో చూసి ఒకటే అడిగారు. “ఏ దెబ్బా తగలని కణాల కంటే, విషం తిన్న కణాలు ఎక్కువ ఆరోగ్యంగా ఎలా ఉంటాయమ్మా?”

నాకు జవాబు తోచలేదు. “కణాలు లేకుండా ఒక ప్లేటు పెట్టి చూడు” అన్నారు.

మంగళవారం పెట్టాను. గడుల్లో కణాలేవీ లేవు. ఉత్త మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం), క్వెర్సెటిన్, ఎంటీటీ. మూడు గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచి మూత తీశాను. ఊదా రంగు. ఒక్క ప్రాణి కూడా లేని గడిలో అచ్చంగా అదే ఊదా రంగు. క్వెర్సెటిన్ ఎక్కువ పోసిన గడిలో ఎక్కువ, తక్కువ పోసిన గడిలో తక్కువ, మెట్లు మెట్లుగా. ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

జరిగింది ఇదీ. ఎంటీటీ రంగు మారాలంటే దానికి ఎలక్ట్రాన్లు అందాలి. బతికున్న కణంలో ఆ పని ఎంజైములు చేస్తాయి. క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు ఎలక్ట్రాన్లు ఇవ్వడంలో దిట్టలు, యాంటీఆక్సిడెంట్ అని వాటికి పేరొచ్చింది అందుకే. కణంతో పని లేకుండా నేరుగా రంగుకే ఇచ్చేశాయి. ఏ గుణం కోసం నేను వాటిని ఎంచుకున్నానో ఆ గుణమే నా పరీక్షను తప్పుదారి పట్టించింది. ఇది కొత్త విషయమేమీ కాదు, చాలా ఏళ్ల కిందే ప్రచురించి హెచ్చరించారు. నేను పద్ధతుల పేజీ చదివాను కానీ ఆ హెచ్చరికల దాకా వెళ్లలేదు.

ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు.

“అక్కా, నీ ప్రయోగంలో పనిచేసింది కదా, ఆ మందు క్యాప్సూల్స్‌గా దొరుకుతోంది. తెప్పించుకోనా? టాబ్లెట్లు కొంచెం తగ్గించి చూద్దామనుకుంటున్నా. రెండేళ్లయింది కదా.”

నాకు కాళ్లలో వణుకొచ్చింది. వాడి గొంతులో ఎంత ఆశ ఉందో వినిపిస్తోంది. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి, పదకొండేళ్లుగా మింగుతున్నాడు. చెయ్యి వణుకుతుందని, బరువు పెరుగుతున్నానని ఎప్పటి నుంచో అంటున్నాడు.

“లేదురా. ఆ ఫొటో తప్పు. కణాలు లేకపోయినా అదే రంగు వచ్చింది ఇవాళ. నేను తొందరపడి పంపాను.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాను. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపినా, సొంతంగా తగ్గించినా ఫిట్స్ తిరగబెట్టవచ్చు, ఆగకుండా వచ్చే ప్రమాదం కూడా ఉంది. రెండేళ్లుగా ఫిట్స్ రాని వాళ్లకు మందు తగ్గించే విషయం డాక్టర్లు నిజంగానే ఆలోచిస్తారు, కానీ ఈఈజీ (మెదడు విద్యుత్తు పరీక్ష) చూసి, ఏ రకం మూర్ఛో చూసి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. “ఆ మాట నువ్వే వెళ్లి డాక్టర్‌ని అడుగు, చెయ్యి వణకడం గురించి కూడా చెప్పు, నేను కూడా వస్తా” అన్నాను. సరేనన్నాడు. ఇంకేమీ తెప్పించనని మాటిచ్చాడు.

పడుకునే ముందు ఫోన్‌లో ఆ ఫొటో కింద ‘ఈ ఫలితం తప్పు’ అని మళ్లీ రాతపూర్వకంగా పంపాను. ఫొటో తీసేయడం కంటే అదే సరైన పని అనిపించింది.

6, 7 వారాలు

మొదటి నుంచి చేశాను. పద్ధతిలో మూడు మార్పులు. ఎంటీటీ పోసే ముందు రసాయనం ఉన్న మీడియా పూర్తిగా తీసేసి, ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగడం. ప్రతి ప్లేటులోనూ కణాలు లేని ఒక వరుస. అన్నిటికంటే ముఖ్యం, ఎంటీటీ ఒక్కదాన్నే నమ్మకుండా ప్రొపీడియం అయొడైడ్ పోసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టడం. ఈ రంగు బతికున్న కణం లోపలికి వెళ్లలేదు. పొర చిరిగిన కణంలోకి వెళ్లి కేంద్రకాన్ని ఎర్రగా వెలిగిస్తుంది. అంటే చచ్చిన కణాలను నేరుగా చూడొచ్చు.

మెడ నొప్పి పుట్టేదాకా లెక్కపెట్టాను. ఏషియాటిక్ యాసిడ్ ఈసారి కూడా, నేను వాడిన మోతాదుల్లో, కనిపించేంత తేడా తేలేదు. క్వెర్సెటిన్ పోసిన గడుల్లో ఎర్ర చుక్కలు నిజంగానే తగ్గాయి. మొదటి ప్లేటు చూపించినంత కాదు, కానీ తగ్గాయి. మూడుసార్లు చేసినా తగ్గాయి. అది చూసి కలిగిన సంతోషం ఊదా రంగు చూసినప్పటి సంతోషం లాంటిది కాదు. ఇది నిలబడే సంతోషం.

కర్‌క్యుమిన్‌తో మాత్రం నానా అవస్థ పడ్డాను. మీడియాలో పోయగానే సన్నటి పసుపు నలుసులుగా విడిపోయింది. కరిగిన కొద్దిపాటి కూడా ఆ మీడియాలో ఎంతోసేపు నిలవదు, ముక్కలైపోతుంది. పైగా దానికదే ఆకుపచ్చగా వెలుగుతుంది. కణంలో ఆక్సీకరణ ఒత్తిడి కొలవడానికి వాడే మా రంగు కూడా ఆకుపచ్చే! ఏది దేని వెలుగో విడదీయలేకపోయాను. చివరికి ఆ కొలత కర్‌క్యుమిన్‌కు పూర్తిగా మానేశాను. ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కర్‌క్యుమిన్ పేరు చెప్పగానే ఎందుకు జాగ్రత్తపడతారో ఇప్పుడు స్వయంగా తెలిసొచ్చింది. పేగుల్లోంచి రక్తంలోకి చేరేదే కొంచెం, చేరిన దాన్ని కూడా కాలేయం వెంటనే మార్చేస్తుంది. డిష్‌లో నేను పోసే 10 మైక్రోమోలార్ మనిషి మెదడుకు చేరడం చాలా దూరపు మాట.

క్వెర్సెటిన్‌కూ అదే లెక్క వర్తిస్తుందని నిజాయితీగా రాసుకోవాలి. మింగిన క్వెర్సెటిన్ రక్తంలో ఎక్కువగా వేరే రూపాల్లో, గ్లూకురోనైడ్ గానో సల్ఫేట్ గానో తిరుగుతుంది. నేను పోస్తున్నది ఆ రూపం కాదు.

క్యాప్సూల్స్ సంగతి కూడా ఇక్కడే రాస్తాను. కర్‌క్యుమిన్ బాగా ఒంటికి పట్టాలని చాలా క్యాప్సూల్స్‌లో మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు. కాలేయంలో మందులను విరిచే ఎంజైములకు పైపరిన్ అడ్డుపడుతుంది. మూర్ఛ మందులైన ఫెనిటాయిన్, కార్బమజెపిన్ రక్తంలో పెరుగుతాయని మనుషుల్లోనే చూశారు. ఫెనిటాయిన్ విషయంలో మందుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. మూర్ఛ మందులు వాడేవాళ్లు ఇలాంటివి మొదలుపెట్టే ముందు డాక్టర్‌తో చెప్పాల్సిందే.

8వ వారం

ల్యాబ్ మీటింగ్. నా ఫలితాల శీర్షిక ‘గ్లుటమేట్ ఉద్రేకం నుంచి రక్షణ’ అని పెట్టాను. మేడమ్ అడిగారు. “ఈ కణాల్లో ఎన్ఎండీఏ గ్రాహకాలు పనిచేస్తాయా?”

లేదు. హెచ్‌టీ22 కణాల్లో గ్లుటమేట్ చంపే దారే వేరు. బయట గ్లుటమేట్ ఎక్కువైతే కణంలోకి సిస్టీన్ వచ్చే దారి మూసుకుపోతుంది. సిస్టీన్ లేకపోతే గ్లుటాథయోన్ తయారవదు. ఆ కవచం లేక కణం ఆక్సీకరణతో చనిపోతుంది. ఫిట్స్‌లో జరిగే హానిలో ఇది ఒక భాగం మాత్రమే, కాల్షియం వరద ఇందులో లేదు. శీర్షిక కొట్టేసి ‘ఆక్సీకరణ నష్టం నుంచి రక్షణ’ అని రాశాను. యాంటీఆక్సిడెంట్ అయిన క్వెర్సెటిన్ ఇక్కడ నెగ్గడంలో ఆశ్చర్యం లేదు కూడా. అసలు పరీక్ష ఇంకా ముందుంది.

9 నుంచి 11 వారాలు

జీబ్రా చేపలు. ఎథిక్స్ అనుమతి వచ్చింది. ఏడు రోజుల వయసున్న లార్వా నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది. అద్దంలా ఉంటుంది, గుండె కొట్టుకోవడం బయటికే కనిపిస్తుంది. 28.5 డిగ్రీల నీళ్లు. మొక్క రసాయనంలో కొంతసేపు ఉంచి, తర్వాత 15 మిల్లీమోలార్ పీటీజడ్. అది గాబాను అడ్డుకుంటుంది. లార్వా మొదట కంగారుగా ఈదుతుంది, తర్వాత గుండ్రంగా సుడి తిరుగుతుంది, ఆఖరికి ఒళ్లు బిగిసి కొట్టుకుని పక్కకు ఒరిగిపోతుంది. ఈ మూడు దశలను 2005 నుంచి పరిశోధకులు లెక్కకు వాడుతున్నారు.

మొదటి లార్వా పక్కకు ఒరిగినప్పుడు నాకు పదకొండేళ్ల తమ్ముడే కనిపించాడు. బయటికి వెళ్లి నీళ్లు తాగి వచ్చి మిగతావి చేశాను. ఒక్కదాన్ని కూడా అవసరానికి మించి వాడకూడదని, పరీక్ష అయిన వెంటనే మత్తు ఎక్కువ మోతాదులో ఇచ్చి నొప్పి లేకుండా ముగించాలని నియమం. దాన్ని గట్టిగా పాటిస్తున్నాను.

వాల్‌ప్రోయేట్ గడుల్లో లార్వాలు మూడో దశకు చేరడం బాగా తగ్గింది. పరీక్ష సరిగ్గా నడుస్తోందనడానికి అది రుజువు. క్వెర్సెటిన్ ఫిట్స్‌ను ఆపలేదు. డీఎంఎస్‌ఓ గడుల్లో లాగే అన్నీ ఒరిగాయి. యూజినాల్ గడుల్లో మాత్రం ఒక్కటీ కదల్లేదు. కంప్యూటర్ గీసిన కదలికల గీతల్లో ఆ గడులు ఖాళీగా ఉన్నాయి.

ఫిట్స్ పూర్తిగా ఆగిపోయాయని ఆ గీతలను బట్టి రాసేయొచ్చు. కానీ ఊదా రంగు గుర్తుంది. సన్నటి సూది మొనతో లార్వా తోకను తాకి చూశాను. ఆరోగ్యంగా ఉన్నదైతే చటుక్కున మెలికపడి పారిపోతుంది. ఇవి పారిపోలేదు. ఇంకోసారి తాకినా అంతే. గుండె మాత్రం కొట్టుకుంటోంది. యూజినాల్ లవంగ నూనెలో ప్రధాన భాగం, చేపలకు మత్తు ఇవ్వడానికి లవంగ నూనె ఎన్నాళ్ల నుంచో వాడుతున్నారు. అంటే నేను ఫిట్స్ ఆపలేదు, చేపను నిద్రపుచ్చాను. ఆ నిద్రలో మెదడు లోపల ఫిట్స్ నడుస్తున్నాయో లేదో కదలికలను బట్టి చెప్పలేం. మెదడు పైభాగంలో సన్నటి గాజు ఎలక్ట్రోడ్ పెట్టి విద్యుత్తు రికార్డు చేయాలి. ఆ పరికరం పక్క ల్యాబ్‌లో ఉంది, వంతు కోసం పేరు రాయించాను. ఈలోగా యూజినాల్ మోతాదు తగ్గిస్తూ, తాకితే స్పందించే మోతాదు వెతికాను. ఆ మోతాదులో ఫిట్స్ మీద ప్రభావం చాలా కొద్దిగా మిగిలింది.

ఇక్కడికి నా పట్టికలో రెండు నిలువు వరుసలు విడివిడిగా నిలబడ్డాయి. కణాన్ని ఎంతోకొంత కాపాడిన క్వెర్సెటిన్ ఫిట్స్‌ను ఆపలేదు. కదలికను ఆపిన యూజినాల్ దేన్ని కాపాడిందో ఇంకా తెలియదు. నాకైతే ఇది నిరాశగా లేదు. ఫిట్స్ ఆపే మందుకు తోడుగా, కణాన్ని కాపాడే ఇంకొకటి కావాలన్న ఆలోచనకు ఇది బలమే ఇస్తోంది.

12వ వారం

తమ్ముడితో కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మందు మోతాదు వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు, రక్తపరీక్ష, ఈఈజీ రాశారు. చెయ్యి వణకడం మందు వల్లే కావచ్చని, దానికి దారులున్నాయని చెప్పారు. బయటికొచ్చాక వాడు అడిగాడు. “అయితే మొక్కల మందు ఏదీ నిజంగా పనిచేయలేదా అక్కా?”

పనిచేసింది ఒకటుంది, దారిలో దాని కథ చెప్పాను. గంజాయి మొక్కలోని కనబిడియోల్. మత్తెక్కించే రసాయనం కాదు, దాని పక్కనుండేది. డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ ఉన్న 120 మంది పిల్లలు, యువకుల మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఒంటి బరువు కిలోకి రోజుకు 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఒళ్లు కొట్టుకునే ఫిట్స్ నెలకు మధ్యస్థంగా 12.4 నుంచి 5.9కి తగ్గాయి. ఉత్త ద్రవం తాగిన వాళ్లలో 14.9 నుంచి 14.1కి మాత్రమే తగ్గాయి. 2018లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది.

“అది మొక్క నమిలితే వచ్చిన ఫలితం కాదురా. శుద్ధి చేసి, ప్రతి చుక్కలో ఎంతుందో కొలిచి, ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చేవాళ్లకు కూడా తెలియకుండా చేసి తేల్చారు. పైగా నువ్వు వాడే వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయం ఎంజైములు పెరిగే అవకాశం ఎక్కువ. ఇంకో మూర్ఛ మందు క్లోబజామ్‌తో కలిస్తే దాని నుంచి పుట్టే పదార్థం రక్తంలో పెరిగి నిద్రమత్తు ఎక్కువవుతుంది.”

“అంటే మందే.”

“మందే. మందులాగే చూడాలి.”

13వ వారం

ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా చేయడం గురించి వాడికి చెప్పిన మాట నా చెవిలోనే మోగింది. ఎర్ర చుక్కలు లెక్కపెట్టేటప్పుడు ఏ గడిలో ఏముందో నాకు తెలుసు. క్వెర్సెటిన్ గెలవాలని నాకు ఎంత కోరికో కూడా తెలుసు. సగం వెలిగిన చుక్కను ఏ వైపు లెక్కేశానో ఎవరు చెప్పగలరు?

ఇకపై సీసాలకు పేర్లు ఉండవు. ల్యాబ్‌లో సీనియర్ అన్న ఒకరు అన్నిటికీ అంకెలు వేసి, ఏ అంకె ఏదో కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించారు. కవరు మేడమ్ సొరుగులో ఉంది.

కొత్త ప్రయోగం అసలైన నాడీకణాలతో. ఎలుక పిండం హిప్పోకాంపస్ నుంచి తీసినవి, వీటిలో ఎన్ఎండీఏ గ్రాహకాలు ఉంటాయి. మీడియాలోంచి మెగ్నీషియం తీసేస్తే చాలు. మామూలుగా ఆ గ్రాహకం ద్వారానికి మెగ్నీషియం అయాన్ బిరడాలా అడ్డం కూర్చుంటుంది. అది లేకపోతే కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. మూడు గంటలు అలా ఉంచితే, తర్వాత మెగ్నీషియం తిరిగి పోసినా వాటంతటవే ఫిట్స్ లాంటి విద్యుత్తు పేలుళ్లు కొనసాగిస్తాయని 1995లో చూపించారు. గాయం తర్వాత మూర్ఛ ఎలా పాతుకుంటుందో డిష్‌లో చూడడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు దొరకలేదు. ఫిట్స్ ఆపడం, కణం కాపాడడం అనే రెండు వరుసల పక్కన ఇప్పుడు మూడో వరుస గీశాను: మూర్ఛ పాతుకోకుండా ఆపడం.

బుధవారం మొదటి బ్యాచ్ అయింది. ప్లేటు బొమ్మ గీసేటప్పుడు కణాలు లేని వరుస ముందు గీసి, మిగిలిన చోట్లో ఉత్త డీఎంఎస్‌ఓతో సహా అంకెల సీసాలు సర్దాను. శుక్రవారం దాకా ఫొటోలు తీశాను, రెండు రోజులుగా లెక్కపెడుతున్నాను. 3వ నంబరు, 5వ నంబరు గడుల్లో ఎర్ర చుక్కలు తక్కువగా ఉన్నాయి. ఏవో తెలియదు. 5వది డీఎంఎస్‌ఓ కూడా కావచ్చు.

తమ్ముడు ఇందాకే మెసేజ్ పెట్టాడు. ఈఈజీ అయిందట, తల మీద అంటించిన జిగురు వదలడం లేదట. ‘నీ ప్లేటు ఏమైంది’ అని అడిగాడు. సోమవారం కవరు తెరుస్తామని రాశాను. ఇంకా పద్నాలుగు ఫొటోలు లెక్కపెట్టాలి.